సూటి దారిలో వాలిన చక్రాలు

టైర్ల దుకాణాల ముందు గోడకు ఆనించి ఉంచే పాత టైర్లను కాసేపు పరికించి చూస్తే, వాటి అరుగుదల సమంగా ఉండదన్న సంగతి తెలిసిపోతుంది. కొన్నింటిలో వెలుపలి అంచున గాడులు ఇంకా లోతుగానే ఉండగా లోపలి అంచు నున్నగా అరిగి, రబ్బరు అడుగున ఉండే తీగలు సైతం బయటపడి ఉంటాయి. మరికొన్నింటి మీద అరచేతితో ఒక దిక్కుకు నిమిరితే మెత్తగానూ, ఎదురు దిక్కుకు నిమిరితే రంపపు పళ్ళలా గరుకుగానూ తగులుతుంది. ఈ టైర్లు మోసిన కార్లు వంకరగా నడిచినవి కావు. వాటి యజమానులు ఆఫీసుకో, ఊరికో, పెళ్ళికో అందరిలాగే సూటిగా వెళ్ళి వచ్చినవారే. స్టీరింగు చేతిలో నిటారుగా ఉన్నంతసేపూ చక్రాలు కూడా నిటారుగా ఉన్నాయని నమ్మినవారే. మరి సూటిగా నడిచిన బండి చక్రం ఒక పక్కనే ఎందుకు అరగాలి? ఆ నడకలో ఎవరి కంటా పడకుండా పక్కకు జరుగుతూ వచ్చినది ఏమిటి? పంక్చరు వేయించుకోవడానికి ఆగినవారి మనసులో మెదిలి, బండి కదలగానే మరుగున పడే ప్రశ్న ఇది. దానిని పట్టుకొని కొంత దూరం పోయినవారికి మాత్రం సూటిదనం గురించిన సాధారణ నమ్మకాలు ఒక్కొక్కటిగా సడలడం మొదలవుతుంది.

ఆ అరుగుదలకు ఎక్కువగా కారణమయ్యేది మెకానిక్కులు టో అని పిలిచే కోణం. బండిని నడినెత్తి నుంచి చూస్తున్నట్టు ఊహించుకుంటే, ముందు చక్రాలు రెండూ ముందువైపు ఒకదానికొకటి కాస్త చేరువగా, వెనుకవైపు కాస్త ఎడంగా ఉన్నప్పుడు దానిని టో-ఇన్ అనీ, అందుకు తారుమారుగా ఉన్నప్పుడు టో-అవుట్ అనీ వ్యవహరిస్తారు. దీనిని కొలిచేది మిల్లీమీటర్లలో, లేదా డిగ్రీని అరవై భాగాలు చేయగా వచ్చే నిమిషాలలో. ఇంత స్వల్పమైన తేడా కంటికి ఆనే మాటే లేదు. అయినా లెక్క వేసి చూస్తే దాని ఘనత బయటపడుతుంది. ఒక చక్రం తాను పోవలసిన దిశ నుంచి డిగ్రీలో పదో వంతు, అంటే 6 నిమిషాలు తప్పి ఉందనుకుంటే, అది ఒక కిలోమీటరు దొర్లేలోగా సుమారు 1.75 మీటర్ల మేర పక్కకు ఈడ్వబడుతుంది. 10,000 కిలోమీటర్లు తిరిగేసరికి ఆ ఈడ్పు మొత్తం 17 కిలోమీటర్లు దాటుతుంది. ఈ దూరమంతా రబ్బరు రోడ్డు మీద రాసుకుపోయినదేనా అంటే, పూర్తిగా కాదు. నేలను తాకిన చోట రబ్బరు కొంత వంగి ఆ లాగుడును ఓర్చుకుంటుంది. కానీ ఆ తాకిన మేర వెనుక అంచుకు చేరేసరికి పట్టు సడలి, జారి, తన పూర్వరూపానికి వస్తుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ జరిగే ఆ చిన్న జారుడే అరచేతికి తగిలిన గరుకుదనంగా పేరుకుంటుంది.

అలాగైతే రెండు చక్రాలనూ కచ్చితంగా సమాంతరంగా నిలిపితే సరిపోదా అన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. వాహనాలను రూపొందించేవారు చాలా కార్లకు ఉద్దేశపూర్వకంగానే కొద్దిపాటి టో పెట్టి పంపుతారన్న సంగతి తెలిసినప్పుడు ఆ ప్రశ్న ఇంకా బలపడుతుంది. దానికి జవాబు నిలిచి ఉన్న బండికీ నడిచే బండికీ ఉన్న తేడాలో దొరుకుతుంది. చక్రాన్ని బండికి కలిపే సస్పెన్షన్ భాగాల మధ్య రబ్బరు బుష్‌లు ఉంటాయి, కీళ్ళ వంటి బాల్ జాయింట్లు ఉంటాయి. బరువు, వేగం, రోడ్డు ఒరిపిడి వీటిని అనుక్షణం కాస్త నొక్కుతూ, కాస్త లాగుతూ ఉంటాయి. వెనుక చక్రాలు నెట్టే బండిలో ముందు చక్రాలు రోడ్డు నిరోధానికి లోనై వెనక్కు తోయబడి, వెలుపలికి విప్పారే ప్రయత్నం చేస్తాయి. అందుకని వాటిని నిలిచి ఉన్నప్పుడు కొంచెం లోపలికి తిప్పి ఉంచుతారు. ముందు చక్రాలే లాగే కార్లలో బలం దిశ మారి, అవి లోపలికి ముడుచుకోజూస్తాయి కనుక కొన్నింటికి టో సున్నాగానో, రవంత వెలుపలికో ఉంటుంది. నడిచేటప్పుడు సూటిగా ఉండడానికి నిలిచినప్పుడు వంకరగా ఉండక తప్పదన్నమాట. ఆ వంకర ఎంత అన్నది కూడా ఫలానా బరువుతో, ఫలానా వేగంతో పోయే ఒక సగటు బండిని మనసులో ఉంచుకొని వేసిన అంచనాయే తప్ప, ఈ పూట ఈ రోడ్డెక్కిన ఈ బండిని చూసి వేసినది కాదు.

ఇంత సూక్ష్మమైన చిక్కు చక్రంతో పాటే పుట్టిందని అనుకోవడానికి వీలు లేదు. ఎడ్లబండికి ఈ బాధ లేదు. దానికి ఉన్నవి రెండే చక్రాలు. అవి ఇరుసు మీద దేనికది స్వేచ్ఛగా తిరుగుతాయి కనుక మలుపులో వెలుపలి చక్రం ఎక్కువగా, లోపలి చక్రం తక్కువగా దొర్లి సర్దుకుంటాయి. ఎటు పోవాలన్నది కాడి కింద ఉన్న ఎడ్లు చూసుకుంటాయి. చిక్కంతా నాలుగు చక్రాలతో వస్తుంది. రథోత్సవాలలో పెద్ద తేరు వీధి మలుపు దగ్గరకు వచ్చినప్పుడు జరిగే హడావుడిని గమనిస్తే ఇది స్పష్టమవుతుంది. తేరు చక్రాలకు పక్కకు తిరిగే ఏర్పాటు ఉండదు. అందువల్ల అనుభవం కలిగినవారు చక్రాల కింద చెక్క దిమ్మలను ఏటవాలుగా దూర్చి, మోకులు లాగుతూ ఉండగా, అంతటి కట్టడాన్నీ అంగుళం అంగుళంగా పక్కకు జార్చుతారు. జారకుండా మలుపు తిరగడం అక్కడ అసాధ్యం. తిరగని చక్రాన్ని తిప్పాలంటే నేల మీద రాపాడించక తప్పదన్న ఆ సత్యమే, మరీ చిన్న పరిమాణంలో, టైరు లోపలి అంచున కూడా పనిచేస్తున్నదని అనుకోవచ్చు.

ఐరోపాలోని గుర్రపు బగ్గీలు ఈ సమస్యను మరో విధంగా పరిష్కరించుకున్నాయి. ముందు ఇరుసునంతటినీ నడుమ ఒక మేకు మీద నిలిపి, చక్రాలతో సహా మొత్తంగా తిప్పేవారు. సులువైన ఉపాయమే గానీ, ఇరుసు బాగా తిరిగినకొద్దీ బండి నిలబడే ఆధారం నాలుగు మూలల నుంచి మూడు మూలలకు కుంచించుకుపోయి, పదునైన మలుపులో బగ్గీ బోర్లాపడే ప్రమాదం ఉండేది. పరిణామ సిద్ధాంతకర్త చార్లెస్ డార్విన్ తాత ఎరాస్మస్ డార్విన్ వృత్తిరీత్యా వైద్యుడు; రోగులను చూడడానికి ఇంగ్లండు పల్లెదారుల వెంట నిత్యం బండిలో తిరిగిన ఆయన, ఇరుసును కదలనీయక రెండు చక్రాలు మాత్రమే వాటి వాటి మేకుల మీద తిరిగే పద్ధతిని 1759 ప్రాంతంలోనే ఆలోచించాడు. ఆ ఆలోచన ఆయన సొంత బండి దాటి పోలేదు. 1816లో మ్యూనిక్ నగరపు బగ్గీల తయారీదారు గేయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ అదే పద్ధతిని తిరిగి కనుగొన్నాడు; 1818లో దానికి ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నది మాత్రం ఆయన తరఫు ప్రతినిధి, లండన్‌లో స్థిరపడి బొమ్మల పుస్తకాలు ప్రచురించిన రుడాల్ఫ్ ఆకర్‌మన్. నేటికీ ఇంజనీరింగు కళాశాలల్లో విద్యార్థులు వల్లించేది ఆ ప్రచురణకర్త పేరే. ఆలోచించినవాడు వైద్యుడు, చేసి చూపినవాడు వడ్రంగం తెలిసినవాడు, పేరు నిలిచినది కాగితం మీద సంతకం పెట్టినవాడిది. చరిత్రలో ఇది అరుదైన సంగతేమీ కాదు గనుక దీని మీద ఎక్కువ సేపు బాధపడనక్కరలేదు.

ఆ పద్ధతిలోని అసలు కీలకం రెండు చక్రాలూ ఒకే కోణంలో తిరగకపోవడం. మలుపులో నాలుగు చక్రాలూ ఒకే కేంద్రం చుట్టూ తిరగాలంటే లోపలి చక్రం చిన్న వృత్తాన్నీ, వెలుపలి చక్రం పెద్ద వృత్తాన్నీ గీయాలి. ముందు వెనుక చక్రాల మధ్య దూరం 2.5 మీటర్లు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు ఉన్న ఒక చిన్న కారు, వెనుక ఇరుసు నడిమి బిందువు 5 మీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీసేలా తిరుగుతున్నదనుకుంటే, లోపలి ముందు చక్రం సుమారు 30 డిగ్రీలు తిరగవలసి ఉండగా వెలుపలిది 24 డిగ్రీల లోపే తిరగాలి. ఈ తేడాను సాధించడానికి చక్రాల నుంచి వెనక్కు చాచిన రెండు పొట్టి చేతులను కాస్త లోపలికి వంచి, వాటిని టై రాడ్ అనే అడ్డుకమ్మీతో కలుపుతారు. ఆ చేతులను ఊహలో పొడిగిస్తే వెనుక ఇరుసు మధ్యన కలిసేలా అమర్చవచ్చునని 1878లో ఫ్రెంచి బగ్గీల తయారీదారు శార్ల్ జాంతో చూపించాడు. ఎంతో ముచ్చటైన జ్యామితి ఇది. అయితే ఆ అమరిక అన్ని కోణాల దగ్గరా నిజం కాదు. ఒకటి రెండు స్థానాల్లో కచ్చితంగానూ, తక్కిన అన్నిచోట్లా దాదాపుగానూ మాత్రమే సరిపోతుంది. పైగా వేగం పెరిగితే టైరు తాను చూస్తున్న దిశలోనే పోదు, కొంత పక్కకు జారుతూ పోతుంది గనుక, పందెపు కార్లను రూపొందించేవారు ఈ జ్యామితిని కావాలనే తప్పిస్తారు. మరి అన్నిచోట్లా నూటికి నూరుపాళ్ళు వర్తించని సూత్రాన్ని సూత్రమని ఎందుకు అనాలి? బహుశా నెమ్మదిగా తిరిగే బండికి, ఇరుకు సందులో మళ్ళే బండికి, అంటే చాలామంది చాలాసేపు నడిపే బండికి అది చాలినంత దగ్గరగా ఉంటుంది కాబట్టి కావచ్చు.

కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మోటారు బండికి మూడే చక్రాలు ఉండడానికి కారణం కూడా ఈ చిక్కే. నాలుగు చక్రాల బండిని తృప్తికరంగా మళ్ళించే మార్గం ఆయనకు అప్పటికి దొరకలేదు. ముందు ఒక్క చక్రమే ఉంటే లోపలి కోణం, వెలుపలి కోణం అన్న తగాదాయే ఉండదు. ముందు రెండు చక్రాలూ విడివిడిగా తిరిగే పద్ధతికి ఆయన 1893లో గానీ పేటెంటు తీసుకోలేదు. ఆయన చిక్కును తప్పించుకున్న ఆ మార్గంలోనే నేటికీ హైదరాబాదు, విజయవాడ వీధుల్లో ఆటోలు హాయిగా తిరుగుతున్నాయి; రోడ్డు ఎంత ఇరుకైనా ఒక్క విసురులో వెనక్కు మళ్ళే వాటి నేర్పు డ్రైవరుది కొంత, ఆ ఒంటి చక్రానిది కొంత. గుండ్రని స్టీరింగు చక్రం సైతం మొదటి నుంచీ ఉన్నది కాదు. తొలినాటి బండ్లను పడవ చుక్కాని పిడి వంటి కడ్డీతో తిప్పేవారు. 1894లో పారిస్ నుంచి రూఆన్ వరకు జరిగిన పోటీలో ఆల్ఫ్రెద్ వాషరాన్ తన పానార్ కారుకు గుండ్రని చక్రం అమర్చుకొని వచ్చాక ఆ మార్పు క్రమంగా వ్యాపించింది. చేతిలోని చక్రం చాలా తిరిగితే నేల మీది చక్రం కొద్దిగా తిరిగేలా మధ్యలో పళ్ళచక్రాల అమరిక చేరింది. స్టీరింగు కొనన ఉన్న చిన్న పళ్ళచక్రం ఒక పళ్ళకమ్మీని అటూ ఇటూ జరిపే పద్ధతిని రాక్ అండ్ పినియన్ అంటారు. నేటి కార్లలో దాదాపు అంతటా ఉన్నది అదే.

మలుపు తిరగడానికి ఇంత కథ నడిచినా, తిరిగి సూటిగా రావడం వెనుక ఉన్న కథ దీనికంటే చిత్రమైనది. మలుపు పూర్తయ్యాక డ్రైవరు పట్టు కాస్త వదిలితే స్టీరింగు అరచేతుల్లోంచి తనంతట తానే జారి మధ్యకు వస్తుంది. నడిపేవారు దీనిని ఎంతగా అలవాటు చేసుకుంటారంటే, అది ఎవరో ఏర్పాటు చేసిన సౌకర్యమని కూడా వారికి తోచదు. చక్రం పక్కకు తిరిగే అక్షం నిట్టనిలువుగా ఉండదు. దాని పైకొన కాస్త వెనక్కు వాలి ఉంటుంది. ఈ వాలును క్యాస్టర్ అంటారు. ఆ అక్షాన్ని నేల దాకా పొడిగిస్తే, టైరు నేలను తాకే చోటుకు కొంచెం ముందుగా నేలను చేరుతుంది. అందువల్ల టైరు ఎప్పుడూ ఆ బిందువు వెంట ఈడ్చుకుపోతూ, దాని వెనుక వరుసలోకి రావడానికి ప్రయత్నిస్తుంది. అదే అక్షం పైకొన లోపలివైపుకు కూడా వాలి ఉండడం వల్ల, స్టీరింగు తిప్పినప్పుడు బండి ముందుభాగం ఎవరూ గమనించనంత స్వల్పంగా పైకి లేస్తుంది. తిరిగి కిందికి దిగాలన్న ఆ బరువే చక్రాలను మధ్యకు తెస్తుంది. ఇవి కాక టైరు నేలను పట్టుకునే తీరులో కూడా మధ్యకు తెచ్చే బలం ఒకటి పుడుతుంది. బండిని సూటిగా నడిపించేది డ్రైవరు చెయ్యి అనుకోవడం ఎంతవరకు నిజం? అందులో సగం పని బండి బరువూ, నేల ఒరిపిడీ చేసిపెడుతున్నాయి.

క్యాస్టర్ గురించిన ఈ వివరణ ఎంత నమ్మకంగా వినిపించినా, దానిని అతిగా సాగదీయకూడదన్న హెచ్చరిక సైకిలు నుంచి వచ్చింది. ఎవరూ ఎక్కకుండా ముందుకు తోసిన సైకిలు పడిపోకుండా కొంత దూరం తనకు తానే సర్దుకుంటూ పోవడానికి, తిరిగే చక్రాల గైరోస్కోపు ప్రభావం, ముందు చక్రపు క్యాస్టర్ ప్రభావం కారణాలని చాలాకాలం పాఠాలు చెప్పారు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఆ రెండు ప్రభావాలనూ తొలగించిన ఒక వింత సైకిలును నిర్మించి, అది అప్పటికీ పడిపోకుండా నడవగలదని 2011లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. నాలుగు చక్రాల మీద నిలిచే కారుకు ఆ ఫలితం నేరుగా వర్తించదు, నిజమే. అయినా ఎన్నో ఇళ్ళ ముంగిట ఉండే సైకిలు నడిచేటప్పుడు పడకుండా ఎందుకు నిలుస్తున్నదో శాస్త్రానికి అంత ఆలస్యంగా మళ్ళీ సందేహం వచ్చిందంటే, కదలికలో సూటిదనమన్నది పైకి కనిపించేంత సాదా విషయం కాదని ఒప్పుకోవలసి వస్తుంది.

మూడో కోణం క్యాంబర్. ముందు నుంచి చూసినప్పుడు చక్రం పైభాగం వెలుపలికో లోపలికో వాలి ఉండడమే అది. పాత కార్లలో చక్రాలు వెలుపలికి వాలి ఉండేవి. నేటి కార్లలో ఎక్కువగా లోపలికి, డిగ్రీలో సగమో, ఒక డిగ్రీయో వాలి ఉంటాయి. మలుపులో బండి పక్కకు ఒరిగినప్పుడు బరువు మోసే వెలుపలి చక్రం అప్పటికి నేల మీద సమంగా ఆనాలన్నది అందులోని ఉద్దేశం. అందుకు మూల్యంగా సూటి దారిలో లోపలి అంచు కొంత ఎక్కువగా అరుగుతుంది. చిత్రమేమంటే రోడ్డుకు కూడా క్యాంబర్ ఉంది. వాన నీరు నిలవకుండా రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచులకు పల్లంగా, సుమారు రెండు శాతం వాలుతో వేస్తారు. ఎడమవైపున నడిచే మన దేశంలో ఆ వాలు బండిని ఎప్పుడూ ఎడమకే లాగుతుంది. స్టీరింగు ఎడమకు లాగుతోందని అలైన్‌మెంటు, అంటే ఈ కోణాల సవరణ, చేయించడానికి వచ్చే బండ్లలో కొన్నింటిది రోడ్డు చేసిన తప్పే కావచ్చు. కొన్నింటిది గాలి తగ్గిన టైరు తప్పు. ముందు టైర్లు రెండింటినీ అటుదిటు మార్చి చూసినప్పుడు లాగుడు కూడా దిశ మార్చుకుంటే దోషం టైరులోనే ఉన్నట్టు. ఇక వేగం అందుకున్నప్పుడు స్టీరింగు వణికితే అది అలైన్‌మెంటుకు సంబంధించినదే కాదు. చక్రం చుట్టూ బరువు సమంగా లేకపోవడం వల్ల వచ్చేది, బ్యాలెన్సింగుతో పోయేది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి, రెండింటికీ డబ్బు చెల్లించి, ఏది కుదిరిందో తెలియకుండానే తృప్తిగా వెళ్ళిపోయేవారు ఎందరో!

అలైన్‌మెంటుకు కంప్యూటర్ యంత్రాలు రాకముందు బండి పక్కల వెంట దారం బిగించి, టైరుకూ దారానికీ మధ్య ఎడాన్ని కొలబద్దతో చూసేవారు. ఇప్పుడు చక్రాలకు పలకలు బిగిస్తే కెమెరాలు వాటిని చదివి, తెర మీద అంకెలను ఎరుపులోనో ఆకుపచ్చలోనో చూపుతాయి. ఎరుపు ఆకుపచ్చగా మారిన క్షణాన యజమాని ముఖంలో కలిగే నెమ్మదిని తప్పుపట్టలేము. కానీ ఆ ఆకుపచ్చ ఒకే అంకెను సూచించదు, తయారీదారు అనుమతించిన ఒక మేరను సూచిస్తుంది. ఆ మేరలో ఈ కొసన ఉన్నా, ఆ కొసన ఉన్నా రంగు ఒకటే. పైగా చాలా చిన్న కార్లలో మెకానిక్ నిజంగా సరిచేయగలిగినది ముందు చక్రాల టో ఒక్కటే. టై రాడ్ మీది మరను అటో ఇటో తిప్పడంతో ఆ పని ముగుస్తుంది. క్యాంబర్, క్యాస్టర్‌ల అంకెలు తప్పి ఉంటే ఏదో భాగం వంగిందనో, అరిగిందనో అర్థం చేసుకోవాలి తప్ప తిప్పడానికి అక్కడ మర ఉండదు. ఇదంతా ఖాళీ బండికి చేసిన కొలత కూడా. అయిదుగురు మనుషులు, పండుగ సామాను, ఊరి నుంచి తెచ్చే బియ్యం బస్తా ఎక్కేసరికి స్ప్రింగులు కుంగుతాయి, దానితో పాటు కోణాలూ మారుతాయి.

బరువు పెరిగినకొద్దీ స్టీరింగు తిప్పడం ఎంత కష్టమో పాత బస్సుల వెడల్పాటి స్టీరింగులను చూస్తే తెలుస్తుంది. పవర్ స్టీరింగు లేని ఆ బస్సులను నడిపినవారు నిలిచిన చోట చక్రాలను తిప్పేవారు కాదు; బండిని కాస్త కదలనిచ్చి, దొర్లుతుండగా తిప్పేవారు, ఎందుకంటే కదలని టైరును నేల మీద రుద్దడమే అన్నిటికంటే బరువైన పని. నూనె ఒత్తిడితో చేతికి సాయపడే ఏర్పాటును అమెరికా ఇంజనీరు ఫ్రాన్సిస్ డేవిస్ 1926లోనే ఒక పియర్స్-ఆరో కారులో పనిచేయించి చూపినా, అమ్మకానికి వచ్చే కారులో అది కనిపించడానికి 1951 నాటి క్రైస్లర్ ఇంపీరియల్ దాకా ఆగవలసి వచ్చింది. 1988లో సుజుకి సంస్థ సెర్వో అనే చిన్న కారులో నూనెకు బదులు విద్యుత్ మోటారును వాడింది. నేడు చిన్న కార్లలో సైతం ఉన్నది ఆ పద్ధతే. సాయం పెరిగినకొద్దీ ఒకటి తగ్గుతూ వచ్చిందని పాతకాలపు డ్రైవర్లు అంటారు. టైరు పట్టు జారబోయే ముందు స్టీరింగులో బరువు ఒక్కసారిగా తగ్గుతుంది. తడి రోడ్డు మీద ఆ తేలికదనం ఒక హెచ్చరిక. మోటారు మధ్యలో నిలిచి అన్నిటినీ సమం చేసినప్పుడు ఆ హెచ్చరిక పలచబడదా? పలచబడుతుందనే అనిపిస్తుంది, అయితే భుజాలు పడిపోయేలా ఎనిమిది గంటలు బస్సు నడిపినవారి ముందు ఆ మాట అనడానికి కొంత సంకోచం కూడా కలుగుతుంది.

2023 చివర అమ్మకాలు మొదలైన టెస్లా సైబర్‌ట్రక్‌లో స్టీరింగుకూ చక్రాలకూ మధ్య లోహపు లంకె ఏదీ లేదు. చెయ్యి ఎంత తిప్పిందో సెన్సార్లు చదివి చెబితే, చక్రాల దగ్గరి మోటార్లు ఆ మేరకు తిప్పుతాయి. చేతికి తగిలే బరువును వేరొక మోటారు కల్పించి అందిస్తుంది. రోడ్డు నుంచి వచ్చే కుదుపులో ఎంత భాగం డ్రైవరుకు చేరాలి, ఎంత భాగం ఆపివేయాలి అన్నది ఇక ఇనుము నిర్ణయించే విషయం కాదు, ప్రోగ్రాము రాసేవారు నిర్ణయించే విషయం. స్టీరింగును మధ్యకు తెచ్చే బలాన్ని కూడా కావాలంటే పూర్తిగా తీసివేయవచ్చు; అయినా వారు దానిని ఉంచుతున్నారు, ఎందుకంటే అది లేని స్టీరింగును ఏ చేతులూ నమ్మవు. ఈ కృత్రిమమైన బరువు మోసమా, మర్యాదా అన్నది తేల్చడం కష్టం. ఏదేమైనా మోటార్ల కింద రబ్బరు మాత్రం అదే రోడ్డును తాకుతోంది. అందుచేత అంత ఆధునికమైన బండినీ అలైన్‌మెంటు గుంత మీదకు తెచ్చి, చక్రాలకు పలకలు బిగించి, డిగ్రీలో అరవయ్యో వంతుల లెక్కన టోను సరిచేయవలసిందే.